అంగ్‌కోర్ గుళ్లను ఫోటో తీయడం ఎలా: ఐదు రోజుల ప్లాన్, వెలుగు లెక్కలు

కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ పడమర ముఖంగా ఉండే గుడి. ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకోక మొదటి ప్రయాణంలో రెండు ఉదయాలు పోగొట్టుకున్నాను. మా వరంగల్ వైపు రామప్ప గుడి దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్నవాణ్ని. అక్కడ పొద్దున్నే వెళ్తే తూర్పు ఎండ నేరుగా గుడి ముఖం మీద పడుతుంది. అదే లెక్కతో కంబోడియాలో చీకటితోనే వెళ్లి నిలబడ్డాను. సూర్యుడు గుడి వెనక నుంచి లేచాడు. శిఖరాలన్నీ నల్లగా, ఆకాశం తెల్లగా వచ్చాయి, రాతి మీద చెక్కడం ఒక్క గీత కూడా పడలేదు. మర్నాడూ అంతే. ఆ సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి చూద్దామని వెళ్తే అదే గుడి తేనె రంగులో మెరుస్తోంది, జనం కూడా పొద్దున ఉన్నంత మంది లేరు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. అంగ్‌కోర్‌లో మంచి ఫోటో రావాలంటే ఖరీదైన లెన్స్ కంటే రెండు విషయాలు ముఖ్యం: ఏ గంటకి వెలుగు ఎటు నుంచి వస్తుంది, ఎదురుగా ఉన్న రాయి ఏ కథ చెబుతోంది. మొదటిది ఎవరైనా నేర్చుకోవాల్సిందే. రెండోది మనకు సగం వచ్చు. అక్కడి గోడల మీద ఉన్నది భీష్ముడు, రావణుడు, వాలి సుగ్రీవులు, పాలసముద్రం చిలకడం. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పిన కథలే. అందుకే ఈ గైడ్ మనవాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను.

1. నెల, ఐదు రోజులు ఖాయం చేసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, జనం కూడా అప్పుడే ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌లో ఎండ మన రామగుండం ఎండలా ఉంటుంది, ఆకాశం పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు వానలు. నన్నడిగితే అక్టోబరు చివర, నవంబరు మొదలు చాలా మంచి సమయం. వానలు తగ్గుతుంటాయి, కందకాలు నిండుగా ఉంటాయి, రాతి మీద నాచు పచ్చగా ఉంటుంది, ఆకాశంలో మబ్బులు దొరుకుతాయి. మబ్బులేని ఆకాశంతో గుడి ఫోటో తీస్తే సగం ఫ్రేమ్ ఖాళీగా ఉంటుంది.

రెండు రోజుల్లో అన్నీ చూసేయొచ్చని ట్రావెల్స్ వాళ్లు చెబుతారు. చూడొచ్చు. ఫోటోలు మాత్రం రావు. ఒకే గుడికి వేరే వేళలో రెండోసారి వెళ్లగలిగితేనే పని జరుగుతుంది, అందుకే ఐదు రోజులు అంటున్నాను.

మన పాస్‌పోర్టుకి వీసా కావాలి. కంబోడియా ప్రభుత్వ సైటులో ఈ-వీసా తీసుకోవచ్చు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. విమానం ఎక్కే ముందు ఆన్‌లైన్‌లో ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లడం సులువు. ఇదివరకు చాలామంది బ్యాంకాక్ నుంచి బస్సులో సరిహద్దు దాటేవాళ్లు. 2025లో రెండు దేశాల మధ్య గొడవలతో ఆ దారి మూతపడింది కాబట్టి విమానం టికెట్టే ప్లాన్ చేసుకోండి. గుళ్లకి దగ్గరి ఊరు సియెం రీప్. అక్కడి కొత్త ఎయిర్‌పోర్టు 2023 అక్టోబరులో మొదలైంది. అది ఊరికి 40 కిలోమీటర్లకు పైగా దూరం, దిగిన సాయంత్రమే గుడికి వెళ్లాలనుకుంటే ఆ గంట కూడా లెక్కలో వేసుకోండి.

2. బ్యాగు సర్దుకోవడం

ఒక కెమెరా, 24-70 మి.మీ. లాంటి మామూలు జూమ్ లెన్స్ ఒకటి, వీలుంటే దూరానివి దగ్గరికి లాగే పెద్ద లెన్స్, 70-200 లాంటిది, ఒకటి. ఇంతకు మించి మొయ్యకండి. గుళ్ల మెట్లు నిటారుగా ఉంటాయి, ఉక్కపోత విపరీతం, మధ్యాహ్నానికి ప్రతి అరకిలో తెలిసొస్తుంది. ఫోన్ మాత్రమే ఉన్నా ఈ గైడ్‌లో చాలా వరకు పనికొస్తుంది.

బ్యాటరీలన్నీ, పవర్ బ్యాంక్‌తో సహా, చేతి సామాన్లోనే పెట్టుకోవాలి. చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. ఖరీదైన కెమెరా, లెన్సులు ఉంటే మన ఎయిర్‌పోర్టులో బయల్దేరేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. సీరియల్ నంబర్లు రాసి ఇస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ‘ఇది బయట కొన్నారా’ అని అడిగితే ఆ కాగితం చూపిస్తే చాలు. ఒక గంట ముందు వెళ్లాలి, అంతే.

జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు నాలుగు, చిన్న తువ్వాలు, టార్చి, భుజాలూ మోకాళ్లూ కప్పే పల్చటి బట్టలు పెట్టుకోండి. స్లీవ్‌లెస్, షార్ట్స్ వేసుకుంటే అంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకి ఎక్కనివ్వరు. అక్కడ డాలర్లు అన్నిచోట్లా చెల్లుతాయి, చిల్లర మాత్రం వాళ్ల రియెల్‌లో ఇస్తారు. డాలరుకి సుమారు 4,000 రియెల్. అంచు చిరిగిన డాలర్ నోటు ఎవరూ తీసుకోరు కాబట్టి ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ చూసుకోండి.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. అంగ్‌కోర్‌లో ఎగరేయాలంటే ఆ గుళ్లని చూసుకునే ప్రభుత్వ సంస్థ అప్సరా అథారిటీ అనుమతి కావాలి. మోడల్స్‌తో, లైట్లతో చేసే వాణిజ్య షూటింగ్‌కి కూడా అంతే.

3. పాస్ ఎలా తీసుకోవాలి

ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. తేడా చూడండి: మూడు నుంచి ఏడుకి పదే డాలర్లు. మూడు రోజుల పాస్‌ని పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, ఏడు రోజులదాన్ని నెలలో ఏ ఏడు రోజులైనా. ఫోటోలు తీసేవాళ్లు ఏడు రోజులదే తీసుకోవాలి. వానొచ్చి ఒక పూట పోయినా బాధ ఉండదు.

పాస్ గుడి గేటు దగ్గర అమ్మరు. ఊరికీ గుళ్లకీ మధ్య వేరే టికెట్ ఆఫీసు ఉంది, లేదా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అక్కడే మీ ఫోటో తీసి పాస్ మీద వేస్తారు. సాయంత్రం 5 తర్వాత కొంటే అది మర్నాటి నుంచి లెక్కకు వస్తుంది, పైగా ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూడ్డానికి కూడా పనికొస్తుంది. దిగిన రోజే ఈ పని పూర్తి చేసుకుంటే తెల్లవారుజామున క్యూలో నిలబడే టెన్షన్ ఉండదు.

తర్వాత టుక్‌టుక్ అన్నను మాట్లాడుకోండి. ఐదు రోజులకీ ఒకరినే. నేను రోజుకి 20 డాలర్లు అటూ ఇటూగా ఇచ్చాను. దూరం వెళ్లే రోజు ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే. ‘నేను ఫోటోలు తీసేవాణ్ని, గుడి దగ్గర గంటన్నర పడుతుంది, మధ్యాహ్నం పడుకుంటాను’ అని మొదటే చెప్పేయండి. ఆయనకి కూడా మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం తినే వీలు దొరుకుతుంది. పెద్దవాళ్లను అక్కడ ‘బాంగ్’ అని పిలుస్తారు. మన అన్నా, అక్కా లాంటి పిలుపు, ఇద్దరికీ ఒకటే మాట. మా టుక్‌టుక్ బాంగ్ రెండో రోజుకే నేను ఏం వెతుకుతున్నానో పట్టేసి, మబ్బు పట్టిన పొద్దున ‘ఇవాళ అంగ్‌కోర్ వాట్ వద్దు, తా ప్రోమ్ గుడికి పోదాం’ అని తనే చెప్పాడు. ఆ సలహా ఏ గైడ్ పుస్తకంలోనూ దొరకదు.

4. తెల్లవారుజాము: అంగ్‌కోర్ వాట్ చెరువు దగ్గర

గుడి ఉదయం 5కే తెరుస్తారు. సూర్యోదయం జనవరిలో 6:20 దాటాక, జూన్‌లో 5:40కి అటూ ఇటూ. గంట ముందే చేరాలి, ఎందుకంటే అసలు రంగులు సూర్యుడు కనిపించక ముందు అరగంటలో వస్తాయి.

ముందు లెన్స్ సంగతి. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తీస్తే గాజు మీద ఆవిరి పట్టేస్తుంది. నేను మొదటి రోజు తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాను, అది మళ్లీ మళ్లీ పడుతూనే ఉంది. ఆకాశం గులాబీ రంగు నుంచి నారింజలోకి మారడం ఆ మసక గాజులోంచే చూశాను. దీనికి మందు సులువు: రాత్రి పడుకునే ముందు కెమెరాని జిప్ కవర్లో పెట్టి, ఏసీ తగలని బాత్‌రూమ్‌లోనో అల్మారాలోనో ఉంచండి. బయటికి వచ్చాక కూడా కవర్ వెంటనే విప్పకండి. టుక్‌టుక్ ప్రయాణం అయ్యేసరికి కెమెరా బయటి వేడికి అలవాటు పడుతుంది.

కందకం దాటి లోపలికి వెళ్లాక దారికి రెండు పక్కలా రెండు చెరువులు ఉంటాయి. అందరూ ఎడమ వైపు చెరువుకే పరిగెత్తుతారు. ఎప్పుడూ అదే సరైనది కాదు. చలికాలంలో సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా, అంటే గుడికి ఎదురుగా నిలబడితే కుడి వైపుగా లేస్తాడు. ఎడమ చెరువు గట్టు నుంచి ఏటవాలుగా చూస్తే సూర్యుడు శిఖరాల వెనక్కి సరిగ్గా వస్తాడు. మే, జూన్, జూలైలో సూర్యుడు ఎడమ వైపుకి జరుగుతాడు, అప్పుడు కుడి చెరువు దగ్గర నిలబడండి. అక్కడ జనమూ తక్కువే. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో పడమటి ద్వారం నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా నడి శిఖరం మీద లేస్తాడు. కట్టినవాళ్లు ఆ లెక్కతోనే కట్టారని అంటారు. ఆ రోజుల్లో వెళ్తే ఎంత జనం వస్తారో ఊహించుకుని వెళ్లండి.

చీకటిలో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందిస్తుందో ఆ అంకె) 1600, ఎఫ్ (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో ఆ అంకె) 4, షట్టర్ (సెకనులో ఎన్నో వంతు తెరుచుకుంటుందో) 1/60 దగ్గర మొదలుపెట్టి, వెలుగు పెరిగే కొద్దీ ఐఎస్ఓ తగ్గిస్తూ రండి. ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టండి, గుడి నల్లగా పోనివ్వండి. ఈ వేళ అది నీడబొమ్మగానే అందంగా ఉంటుంది. ఫోన్ అయితే తెర మీద ఆకాశం దగ్గర వేలు నొక్కి పట్టుకుని, వెలుగు గుర్తును కిందికి లాగండి. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టిన వివరమంతా దాచే ఫైల్‌గా, తీస్తే తర్వాత రంగులు సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు చాలామంది చేయని పని చెబుతాను. సూర్యుడు శిఖరం దాటి బయటికొచ్చిన క్షణంలో వెనక్కి తిరగండి. వందల ముఖాల మీద ఒక్కసారిగా బంగారు వెలుగు పడుతుంది. నిద్ర కళ్లతో, ఫోన్లు పైకెత్తి, ఎక్కడెక్కడి దేశాల వాళ్లో. నా దగ్గర అంగ్‌కోర్ వాట్ నీడబొమ్మలు వందకి పైగా ఉన్నాయి. వాటన్నిటి కంటే నాకు ఇష్టమైన ఫోటో, మనవరాలిని భుజాల మీద ఎత్తుకుని ఆ వెలుగులోకి చూస్తున్న ఒక తాతగారిది. ఆయన ఏ దేశమో అడగలేదు. ఫోటో చూపిస్తే నవ్వి తల ఊపారు.

ఆ తర్వాత జనమంతా టిఫిన్‌కి వెళ్తారు. మీరు వెళ్లకండి. గుడి లోపలి నుంచి నడిచి తూర్పు వైపుకి రండి.

5. గోడల మీద కథలు: రోజుకి ఒక గోడే

నన్ను మళ్లీ మళ్లీ అక్కడికి లాగింది ఇదే. అంగ్‌కోర్ వాట్ బయటి వసారా చుట్టూ వందల మీటర్ల పొడవున చెక్కిన గోడలు ఉన్నాయి. వసారాకి ఒక పక్క గోడ, ఒక పక్క స్తంభాల వరస. వెలుగు ఆ స్తంభాల మధ్య నుంచే లోపలికి వస్తుంది. అంటే తూర్పు గోడల మీద ఉదయం ఎండ, పడమటి గోడల మీద సాయంత్రం ఎండ. ఇంత సులువైన లెక్క, కానీ టూర్ బృందాలు మధ్యాహ్నం పదకొండింటికి గుడి మొత్తం ఒకే చుట్టులో తిరిగేస్తాయి.

పొద్దున తూర్పు వసారాలో దక్షిణం సగం దగ్గరికి వెళ్లండి. అది క్షీరసాగర మథనం, సుమారు 49 మీటర్ల పొడవు. ఎడమ వైపు 92 మంది అసురులు, కుడి వైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు. నడిమధ్య విష్ణువు, కింద కూర్మం, పైన గాల్లో తేలుతూ అప్సరసలు. వాసుకి తోక చివర ఒక వానరుడు ఉంటాడు. మొత్తం గోడని ఒకే ఫోటోలో ఇరికించాలని చూడకండి, వసారా వెడల్పు చాలదు. పక్కకి నిలబడి, గోడ వెంబడి ఏటవాలుగా చూడండి. ఒకే తీరులో వంగిన పిక్కలు, బిగిసిన చేతులు వరసగా కనిపిస్తాయి. ఆ లయే ఫోటో. తర్వాత నీళ్లలో చేపలు, మొసళ్లు ఉంటాయి, అక్కడ కూర్చుని తీయండి. కూర్మానికి దగ్గరగా ఉన్న చేపలు సుడికి ముక్కలైపోయినట్టు చెక్కారు. ఆ శిల్పి ఎంత ఆలోచించాడో అక్కడ తెలుస్తుంది.

సాయంత్రం మూడున్నరకి పడమటి వసారాకి రండి. ప్రధాన ద్వారం నుంచి లోపలికి వెళ్లి కుడికి తిరిగితే కురుక్షేత్రం, ఎడమకి తిరిగితే లంకా యుద్ధం. కురుక్షేత్రం గోడలో ఎడమ నుంచి కౌరవ సేన, కుడి నుంచి పాండవ సేన నడిచి వస్తుంది. అంచుల్లో వరసలు క్రమంగా ఉంటాయి, మధ్యకి వచ్చేసరికి మనుషులు, గుర్రాలు, రథాలు కలగలిసిపోతాయి. ఎడమ వైపు వెతకండి, అంపశయ్య మీద భీష్ముడు కనిపిస్తాడు. నాకు కనిపించినప్పుడు పక్కన ఎవరూ లేరు. చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ ఘట్టం చెబుతూ గొంతు తగ్గించేది. వేల మైళ్ల అవతల, మనకి తెలియని భాష మాట్లాడేవాళ్ల ఊళ్లో, ఆ పెద్దాయన చుట్టూ చేరి తల వంచుకుని ఉన్నవాళ్లని చూసి నాకు కెమెరా ఎత్తాలనిపించలేదు కాసేపు. కుడి వైపు అర్జునుడి రథం మీద నాలుగు చేతుల కృష్ణుడు ఉంటాడు. లంక గోడ మీద రాముడు హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తుంటాడు, ఎదురుగా పది తలల రావణుడు.

తీసే పద్ధతి చెబుతాను. చెక్కడం లోతు తక్కువ, రెండు మూడు వేళ్ల మందం కూడా ఉండదు. వెలుగు ఎదురుగా పడితే బొమ్మ చదునుగా వస్తుంది. పక్క నుంచి పడితేనే ముక్కు, భుజం, ఈటె అన్నీ లేచి నిలబడతాయి. స్తంభం నీడ గోడ మీద ఎక్కడ పడుతోందో చూడండి. ఆ నీడ అంచున ఉన్న బొమ్మల మీదే వెలుగు పక్క నుంచి జారుతుంది. అది నిమిషాల్లో జరుగుతూ ఉంటుంది కాబట్టి మీకు నచ్చిన బొమ్మ ముందు నిలబడి అది వచ్చే దాకా ఆగండి. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600 నుంచి 3200, షట్టర్ 1/125. ఫ్లాష్ వద్దు, ఫ్లాష్ ఎదురు వెలుగే కాబట్టి ఫోటోకీ పనికిరాదు. గోడని ముట్టుకోకండి, ఆనుకోకండి, బ్యాగు తగలనివ్వకండి. చాలామందికి వీపు వెనక వేలాడే బ్యాగు గుర్తుండదు.

పై అంతస్తు బౌద్ధుల పవిత్ర దినాల్లో మూసేస్తారు. ఆ రోజులు నెలకి నాలుగు వస్తాయి. మీ హోటల్ వాళ్లని ముందే అడగండి.

6. బయోన్ ముఖాలు

రామప్ప గుడి శాసనం 1213 నాటిది. బయోన్ అంటే శిఖరాల మీద పెద్ద పెద్ద రాతి ముఖాలున్న అంగ్‌కోర్ గుడి. దాన్ని కట్టించిన ఏడో జయవర్మ 1181లో అక్కడ రాజయ్యాడు, పదమూడో శతాబ్దం మొదట్లో కూడా ఆయనే రాజు. అంటే మన కాకతీయుల శిల్పులు మదనికల్ని చెక్కుతున్న కాలంలోనే అక్కడ ఈ ముఖాల గుడి రూపు దిద్దుకుంది. ఈ సంగతి తెలిశాక నాకు ఆ రెండు గుళ్లూ అన్నదమ్ముల్లా అనిపిస్తాయి.

ఉదయం 7:30కి గేటు తీస్తారు, అప్పుడే వెళ్లండి. ముఖాలు నాలుగు దిక్కులకీ ఉంటాయి కాబట్టి ఏ వేళ వెళ్లినా ఒక వైపు వెలుగు దొరుకుతుంది. నడి మధ్యాహ్నం మాత్రం కళ్ల గుంటల్లో నీడలు పడి ఆ చిరునవ్వు పోతుంది. పెద్ద లెన్స్ ఇక్కడ పనికొస్తుంది. దూరంగా నిలబడి 150 లేదా 200 దగ్గర పెట్టి చూస్తే, ఒకదాని వెనక ఒకటి మూడు ముఖాలు ఒకే ఫ్రేమ్‌లోకి దగ్గరగా వస్తాయి. అడుగు ఎడమకి, అడుగు కుడికి జరుగుతూ ఆ వరస కుదిరే చోటు వెతకాలి.

కిందకి దిగాక బయటి గోడలు వదలకండి. దక్షిణం వైపు గోడ మీద దేవుళ్ల కంటే మామూలు మనుషులే ఎక్కువ: సంతలో అమ్మేవాళ్లు, కోడిపందెం, పడవల యుద్ధం, వంట, పురుడు పోసుకుంటున్న ఆవిడ. గోదావరి జిల్లాల వాళ్లు కోడిపందెం దగ్గర చాలాసేపు నిలబడతారని నా నమ్మకం. పైకప్పు లేదు కాబట్టి వెలుగు బాగా పడుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి ఎనిమిది, తొమ్మిది మధ్య ఆ గోడ చాలా బాగుంటుంది.

7. తా ప్రోమ్: మబ్బు కోసం దాచిపెట్టండి

1186 నాటి గుడి, జయవర్మ తన తల్లి పేరు మీద కట్టించాడు. అక్కడి శాసనంలో 615 మంది నాట్యకత్తెల లెక్క కూడా ఉంది. చెట్ల వేళ్లు గోడల్ని పట్టేసిన గుడి ఇదే. మన పాడుబడ్డ కోట గోడల్లో మర్రి, రావి మొలిచినట్టే, కాకపోతే అక్కడ అవి మహావృక్షాలయ్యాయి. మన ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఏళ్లుగా ఇక్కడ అప్సరా అథారిటీతో కలిసి మరమ్మతులు చేశారు. రాళ్లని ఎత్తి కట్టాలి, చెట్టు చావకూడదు. ఎంత కష్టమైన పనో అక్కడ చూస్తే అర్థమవుతుంది.

ఎండ ఉన్న రోజు ఆకుల సందుల్లోంచి తెల్లటి మచ్చలు పడి ఫోటో చెడిపోతుంది. మబ్బు రోజు, చిన్న వాన రోజు అయితే నాచు, వేళ్లు, రాయి వేటి రంగు వాటికి వస్తుంది. సినిమా వల్ల పేరుపడిన గుమ్మం దగ్గర క్యూ కడతారు. అది వదిలేసి ఉత్తరం వైపు వసారాల్లోకి వెళ్లండి. ఫ్రేమ్‌లో ఎక్కడో ఒక మనిషి ఉండేలా చూసుకోండి, లేకపోతే వేరు ఎంత పెద్దదో తెలియదు.

8. మనుషుల్ని అడగడం

ఒక వాక్యం నేర్చుకోండి: ‘సోం థొత్ రూప్ బాన్ తే?’ ఫోటో తీసుకోవచ్చా అని అర్థం. ‘రూప్’ మన రూపమే. అంగ్‌కోర్ అన్న పేరు కూడా నగరం అన్న మాట నుంచి వచ్చిందే. థాంక్స్‌కి ‘అర్కున్’. రెండు చేతులూ జోడించి చెబితే ఇంకా మంచిది, వాళ్లూ మనలాగే జోడిస్తారు.

తా ప్రోమ్‌లో వాన మొదలై ఒక వసారాలోకి పరిగెత్తాను. అక్కడ ఆకులు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి కూర్చుని ఉంది. మెడలో గళ్ల క్రామా, అదే వాళ్ల తువ్వాలు. వాక్యం అప్పజెప్పాను. ఆవిడ చేత్తో వద్దంది. సరే అని కెమెరా కవర్లో పెట్టేసి కూర్చున్నాను. వాన ముప్పావుగంట కురిసింది. ఫోన్‌లో మా అమ్మ ఫోటో చూపించాను, ఆవిడ నా బొట్టు చూపించి ఏదో అడిగింది, నాకు అర్థం కాలేదు. వాన వెలిశాక లేచి జుట్టు సవరించుకుని, క్రామా సరిగ్గా చుట్టుకుని, వేరు పక్కన నిలబడి ఇప్పుడు తియ్యమని సైగ చేసింది.

వద్దన్నవాళ్లని దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీయకండి. భిక్షువుల్ని అడిగి తీయండి. ఆడవాళ్లు వాళ్లని తాకకూడదు, పక్కన నిలబడేటప్పుడు ఎడం ఉంచాలి. పోస్టుకార్డులు అమ్మే పిల్లలకి ఫోటో కోసం డబ్బులివ్వకండి. ఆ డబ్బు వాళ్లని బడికి కాకుండా గుడి గేటుకి పంపుతుంది. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

9. బాంతే స్రేయ్, కార్డుల జాగ్రత్త

‘స్రేయ్’ అంటే స్త్రీ. 967లో పూర్తయిన చిన్న గుడి, గులాబీ రంగు ఇసుకరాయి, ఊరి నుంచి టుక్‌టుక్‌లో గంటకు పైగా పడుతుంది. తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి ఉదయం తెరిచే వేళకి అక్కడుండాలి. ఆ ఎండలో రాయి చందనం పూసినట్టు ఉంటుంది. కైలాసాన్ని కుదిపే రావణుడు, వాలి సుగ్రీవుల పోట్లాట, హిరణ్యకశిపుణ్ని చీల్చే నరసింహుడు, ఖాండవ వనం మీద వాన. అన్నీ చిన్న చిన్న పలకల్లో, ద్వారాల పైన ఉంటాయి. లోపలికి తాడు దాటనివ్వరు కాబట్టి పెద్ద లెన్స్ తప్పనిసరి.

రెండో ప్రయాణంలో ఇక్కడ తీసిన ఫోటోలన్నీ పోయాయి. ఒకే మెమరీ కార్డు, సాయంత్రానికి తెరుచుకోలేదు. ఊరొచ్చాక బాగుచేసేవాళ్లకి ఇచ్చినా రాలేదు. ఇప్పుడు నేను పాటించేది: పెద్ద కార్డు ఒకటి కాకుండా చిన్నవి నాలుగు, పూటకొకటి. మధ్యాహ్నం గదికి రాగానే ఫోన్‌లోకో హార్డ్‌డిస్క్‌లోకో కాపీ. కార్డు చెరిపేది ఇంటికొచ్చాకే.

10. ఒక సాయంత్రం నీళ్ల మీద

వీలుంటే తొన్లే సాప్ సరస్సుకి వెళ్లండి. వానాకాలంలో మెకాంగ్ నీళ్లు ఎదురెక్కి, సరస్సు నుంచి బయటికి పారే నది వెనక్కి తిరుగుతుంది. సరస్సు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కంపోంగ్ ఫ్లుక్ ఊళ్లో ఇళ్లు ఎత్తయిన కర్రల మీద ఉంటాయి. అక్టోబరులో వాటి గడప దాకా నీళ్లు, మార్చిలో అదే ఇంటికి నిచ్చెనెక్కాలి. పడవలో ఊగుతుంటాం కాబట్టి షట్టర్ 1/500 కంటే తగ్గించకండి. ఇళ్ల లోపలికి లెన్స్ పెట్టకండి.

11. చివరి రోజు ప్రింట్లు

నాలుగో రోజు రాత్రి సియెం రీప్‌లో ఫోటో ల్యాబ్‌కి వెళ్లి, మీరు తీసిన మనుషుల ఫోటోలు ప్రింట్ వేయించండి. ఎక్కువ ఖర్చేం కాదు. మర్నాడు పొద్దున్నే పంచేయండి, టుక్‌టుక్ బాంగ్ నుంచి మొదలుపెట్టి.

నేను తా ప్రోమ్ వెళ్లేసరికి ఆ ఊడ్చే ఆవిడ కనిపించలేదు. ఇంకొకావిడకి ప్రింట్ చూపిస్తే గట్టిగా నవ్వి, వసారాల్లోకి వినబడేలా కేకేసింది. ఊడ్చే ఆవిడ వచ్చింది, చేతులు క్రామాకి తుడుచుకుని ప్రింట్‌ని రెండు చేతులతో అందుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత మా బాంగ్‌తో ఏదో అంది. ‘వాళ్లమ్మ ఊళ్లో ఉందంట, ఇంకొకటి ఉందా అంటోంది’ అన్నాడు. నా దగ్గర ఒకటే ఉంది. మీరు రెండేసి వేయించుకోండి.